మొదటి పాత బోటు: రంగు తర్వాత, ముందు వెనక పలక చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివినా. మీది నందికొట్కూరు పక్కన ఊరు. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ పుట్టిలో, అదే గుండ్రటి తెడ్డు పడవలో, కూలికి పోయి, ఇప్పుడు నువ్వూ మీ బావా కలిసి కృష్ణ బ్యాక్‌వాటర్‌లో సొంతంగా చేపలకు దిగాలనుకుంటున్నారు. నిజాంపట్నం వైపు ఒకాయన ఇరవైరెండు అడుగుల ఫైబర్ బోటు, 9.9 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ ఇంజనుతో కలిపి లక్షా అరవై వేలకు ఇస్తానంటున్నాడు. ఫోటోల్లో కొత్తదాని మాదిరే ఉంది, ఆదివారం పోయి బయానా ఇచ్చి రావచ్చా అని అడిగినావు.

పోయి చూసి రా. బయానా మాత్రం ఇవ్వొద్దు. దుడ్లు ఇంట్లోనే పెట్టి పో, జేబులో ఉంటే చెయ్యి ఆగదు.

నేను ఆత్మకూరు దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా ఫైబర్ పని చేస్తున్నా. పుట్టీలకు అతుకులు, బోట్లకు అడుగులు, ఈ మధ్య ఇంజన్లు కూడా. నా మొదటి బోటు ముచ్చట చెప్తా, దాంట్లో నీకు కావాల్సింది సగం ఉంది. 2009 అక్టోబర్ 2న కర్నూలు మునిగింది కదా, ఆ తర్వాత ఏడాది మా వైపు అందరికీ బోట్ల పిచ్చి పట్టింది. నేనూ తీరానికి పోయి ఒకటి తెచ్చినా. నీలం రంగు, ముక్కు మీద తామరపువ్వు బొమ్మ, ఇంజను మూత అద్దం లెక్క మెరుస్తా ఉండేది. మూడో నెలలో సంగమేశ్వరం దాటినాక, నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు, ఫుల్ రేస్ మీద పోతుంటే వెనకాల పటక్‌మని చప్పుడైంది. తిరిగి చూస్తే ఇంజను తల వాల్చి నీళ్ళలోకి దిగిపోతా ఉంది. పెట్రోల్ పైపు ఒక్కటే దాన్ని పట్టుకొని ఉంది. అది తెగేలోపల నేనూ మా మామ కొడుకూ కలిసి ఇంజను మెడకు మోకు వేసి పట్టుకున్నాం. ఒడ్డుకు తెడ్లతో వచ్చేసరికి చీకటి పడింది. మరుసటి రోజు వెనక పలక కోసి చూస్తే లోపల చెక్క తడిసిన అటుకుల మాదిరి పిడికిట్లోకి వచ్చింది. పైన మాత్రం ఫైబర్ చెక్కుచెదరలేదు. పైన పటారం, లోన లొటారం అంటే ఏందో ఆ రోజు అర్థమైంది.

అందుకే చెప్తున్నా, అందరూ ముందు ఇంజను చూస్తారు, నువ్వు ముందు వెనక పలక చూడు. ఇంజను బిగించే ఆ నిలువు పలకను తీరపోళ్ళు అమరం పలక అంటారు, కొందరు ట్రాన్సమ్ అంటారు. రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ పెట్టి కడతారు. ఇంజను బోల్టులకు వేసిన రంధ్రాల గుండా, సీలెంట్ పోయిన చోట, ఏళ్ళ తరబడి నీళ్ళు లోపలికి దిగుతాయి. ప్లైవుడ్ కుళ్ళుతుంది. ఫైబర్ కుళ్ళదు కాబట్టి బయటికి ఏమీ కనపడదు.

ఎట్లా పట్టుకోవాలంటే, ఇంజను బిగించే ఉండగా దాని కింది కొమ్మును పైకి ఎత్తి, వాల్చిన స్థితిలో పెట్టు. నీళ్ళను తోసే ఫ్యాను వైపు కింది కొమ్మును రెండు చేతులతో పట్టుకొని మీ బావను బలంగా పైకీ కిందికీ ఊపమను. నువ్వు పక్కన కూర్చొని పలకను చూడు, ఇంజనును కాదు. పలక అడుగుతో కలిసే మూలల్లో వెంట్రుకవాసి కదిలినా, సన్నటి పగులు నోరు తెరిచి మూసినట్టు కనపడినా, ఆ పలక అయిపోయింది. తర్వాత బోల్టుల కింద చూడు. గోధుమరంగు చారలు కారి ఉన్నాయంటే లోపలి చెక్క రసం అది. ఆఖరున రూపాయి బిళ్ళ తీసుకొని పలకంతా బెత్తెడు బెత్తెడు దూరంలో కొట్టుకుంటూ పో. గట్టి చోట టక్ టక్ అని పలుకుతుంది. కుళ్ళిన చోట, పొరలు విడిన చోట బొద్‌మంటుంది. బాగా పండిన పుచ్చకాయ, పచ్చి పుచ్చకాయ తేడా చెవికి ఎట్లా తెలుస్తుందో అంత తేటగా తెలుస్తుంది. మొదట బోటు ముందు భాగంలో, ఖాయంగా గట్టిగా ఉన్న చోట కొట్టి ఆ శబ్దం చెవిలో పెట్టుకొని వెనక్కి రా.

పలక పోయిందని తేలితే బోటు వదిలేయాలా? అక్కర్లేదు. అది మార్చే పనే, నేను ఎన్నో మార్చినా. అయితే లోపలి పొర కోసి, చెక్కంతా తవ్వి, కొత్తది అంటించి, మళ్ళీ మ్యాట్ (ఫైబర్ దారాల గుడ్డ) వేసేసరికి కూలీ, రెసిన్ (ఆ గుడ్డను గట్టిపరిచే జిగురు) కలిపి చిన్న ఖర్చు కాదు. ఆ ఖర్చు ధరలో తగ్గితే కొనుక్కో. తగ్గకపోతే రంగు వేసి అమ్మేవాడు ఇంకొకడు వస్తాడు, తొందరేముంది.

ఇంక అడుగు. బోటును బోర్లా వేయమని అడుగు. ఆయన వేయనంటే కనీసం రెండు దుంగల మీద ఎత్తించి కింద టార్చి లైటుతో పడుకొని చూడు. ఒళ్ళు దుమ్మవుతుంది, కానీ లక్షా అరవై వేలు. పైన సాలెగూడు మాదిరి సన్నటి పగుళ్ళు పైపూతలో ఉంటే పెద్ద భయం లేదు, వయసు మీదపడితే అందరికీ ముడతలు వస్తాయి. ఒక చోటి నుంచి చుట్టూ విచ్చుకున్నట్టు పగుళ్ళు ఉంటే మాత్రం ఆ చోట గట్టి దెబ్బ తగిలింది, లోపలి వైపు అదే చోట చూడు. తెల్లగా పాలిపోయిన మచ్చ ఉంటే దారాలు తెగినాయి. శెనగగింజంత బొబ్బలు ఉంటే ఒకటి సూదితో పొడువు. పుల్లటి వాసన నీళ్ళు వస్తే రెసిన్ లోపలికి నీళ్ళు పోయినాయని గుర్తు. నాలుగైదు బొబ్బలు బాగు చేసుకోవచ్చు, అడుగంతా చెమటకాయల మాదిరి ఉంటే నీకెందుకు ఆ తలనొప్పి.

కొత్త పెయింటు మీద నాకు నమ్మకం లేదని ఈపాటికి తెలిసే ఉంటుంది. అమ్మే ముందు రంగు వేయడం తప్పు కాదు, ఆడపిల్లకు పెళ్ళిచూపుల నాడు కొత్త చీర కడతారు. కానీ అడుగు మొత్తం పాత రంగే ఉండి, ఒక్క జానెడు చోట కొత్త రంగు ఉంటే అక్కడ బిళ్ళ గట్టిగా కొట్టు. అంతకంటే తేలికైన పరీక్ష ఇంకోటి ఉంది, ఎవరూ చేయరు. ఒడ్డున ఉన్న బోటులోనే పది బిందెల నీళ్ళు పోయించు, చీలమండ మునిగేంత. అరగంట టీ తాగి రా. బయట ఎక్కడ చెమ్మ తేలిందో అక్కడ సున్నపుముక్కతో గీత గీసుకో. లోపలి నుంచి బయటికి వచ్చే నీళ్ళకు దొంగతనం తెలీదు. నిండా పోయొద్దు, ఆ బరువుకు అడుగు దెబ్బతింటుంది.

తర్వాత బరువు. దీన్ని ఎందుకు ఇంత పట్టుకొని చెప్తున్నానంటే నీ పని సముద్రంలో కాదు, మన శ్రీశైలం వెనక నీళ్ళలో. నీటిమట్టం 885 అడుగులు నిండినప్పుడు నీళ్ళు మీ పొలాల గట్టు దాకా వస్తాయి. వేసవికి తగ్గుతూ తగ్గుతూ పోతే నిన్న బోటు కట్టిన చోటు నుంచి ఇవాళ నీళ్ళు ఫర్లాంగు దూరం పోతాయి. మధ్యలో మోకాలిలోతు బురద. సముద్రం బోటు అలలకు తట్టుకోవాలని బరువుగా, ముక్కు ఎత్తుగా, అడుగు కోసుగా పోస్తారు. ఇసుక మీద పదిమంది పట్టి లాగుతారు కాబట్టి అక్కడ దానికి ఇబ్బంది లేదు. ఇక్కడ నువ్వూ మీ బావా ఇద్దరే. ఇరవైరెండు అడుగుల బోటును సిద్దేశ్వరం బురదలో ఇద్దరు లాగడం నేను చూసినా, రెండో ఏడాది వాళ్ళు దాన్ని అమ్ముకున్నారు.

పైగా పాత బోటు కొత్తప్పటి బరువే ఉండదు, పెరుగుతుంది. సీట్ల కింద, ముక్కు అరలో మునగకుండా ఉండేందుకు ఫోమ్ నింపి మూసేస్తారు. ఎక్కడో ఒక స్క్రూ రంధ్రం గుండా దాంట్లోకి నీళ్ళు పోతే ఆ ఫోమ్ స్పాంజి లెక్క తాగి కూర్చుంటుంది. అప్పుడు అది తేలేందుకు కాదు, మునిగేందుకు సాయం చేస్తుంది. దీనికి నా దగ్గర ఉన్న ఉపాయం వే బ్రిడ్జి. బోటును ట్రాలీలో వేసి దగ్గర్లోని కాటాకు తీసుకుపో, బోటుతో ఒకసారి, దించాక ఖాళీ ట్రాలీతో ఒకసారి తూకం వేయించు. ఇంజను, ట్యాంకు, వలలు తీసేసి తూయాలి. అదే రేవులో అదే అచ్చులో పోసిన బోట్లు ఇంకా ఉంటాయి, కట్టినవాణ్ణి అడిగితే కొత్తది ఎన్ని కిలోలో చెప్తాడు. యాభై అరవై కిలోలు ఎక్కువ తూగితే ఆ బరువు నీళ్ళది, నువ్వు దానికీ లెక్క కట్టి దుడ్లు ఇస్తున్నావు. కాటా చీటీ బేరంలో కూడా పనికొస్తుంది, దాంతో ఎవడూ వాదించలేడు.

నన్నడిగితే మీ ఇద్దరికీ పదహారు, పద్దెనిమిది అడుగుల చదునడుగు బోటు చాలు. ఇంకా మాట్లాడితే, వేసేది పది పదిహేను వలలే అయితే మొదటి ఏడాది మంచి ఫైబర్ పుట్టి కొనుక్కొని తెడ్డుతో నడుపుకోండి. ఇంజను పెట్రోలు తాగుతుంది, పుట్టి తాగదు. ఈ మాట నీకు నచ్చదని తెలుసు, అందుకే మళ్ళీ బోటు దగ్గరికే వస్తా.

ఇంజను. ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూస్తాం, సుళ్ళు చూస్తాం, నాలుగడుగులు నడిపించి చూస్తాం. ఇంజనుకు నడిపించడం అంటే చల్లగా ఉన్నప్పుడు నువ్వే తాడు లాగి స్టార్ట్ చేయడం. నువ్వు పోయేసరికి ఇంజను వేడిగా ఉందంటే ఆయన ముందే తిప్పి పెట్టినాడని అర్థం. చెయ్యి పెట్టి చూడు, వేడిగా ఉంటే నవ్వి, అన్నం తినొస్తా అని రెండు గంటలాగి పో.

కింది కొమ్ము నీళ్ళలో మునిగి ఉండగా స్టార్ట్ అయ్యాక వెనక నుంచి ఒక సన్నటి నీటి ధార రావాలి, పిల్లోడు ఒంటికి పోసినట్టు, ఆగకుండా. ఇంజను చల్లబరిచే నీళ్ళు తిరుగుతున్నాయనడానికి అదే సాక్ష్యం. అది రాకపోయినా, వచ్చి వచ్చి ఆగుతున్నా లోపల నీళ్ళు తోడే ఇంపెల్లర్ అరిగి ఉండొచ్చు, అదైతే చిన్న ఖర్చు. కానీ ఉప్పునీళ్ళలో తిరిగిన ఇంజనును మంచినీళ్ళతో కడగకపోతే లోపలి దారులు ఉప్పు గడ్డకట్టి మూసుకుంటాయి, అది పెద్ద ఖర్చు. చూసినంత మాత్రాన ఏదో తేలదు. మూత తీసి బోల్టుల తలలు చూడు. తెల్లటి బూజు మాదిరి పొడి పట్టి ఉంటే ఆ ఇంజనుకు స్నానం తెలీదు. తీరంలో కొన్ని ఇంజన్లను కిరోసిన్ మీద నడుపుతారు, అదీ అడుగు. కిరోసిన్ మీద తిరిగినదాంట్లో మసి ఎక్కువ కడుతుంది.

గేరు ఆయిల్ తప్పకుండా చూడాలి. కింది కొమ్ము పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని విప్పి నాలుగు చుక్కలు వేలి మీద పట్టు. తేనెరంగో నల్లగానో ఉంటే సరే. పాలు కలిపిన కాఫీ మాదిరి ఉంటే సీలు పోయి నీళ్ళు కలిసినాయి. మెరిసే ఇనుప రజను ఉంటే లోపల పళ్ళు అరిగినాయి. ఫ్యాను వెనక షాఫ్ట్‌కు నైలాన్ దారం చుట్టుకొని ఉందేమో కూడా చూడు, చేపలోళ్ళ ఇంజన్లలో సీలు కోసేది ఎక్కువగా అదే.

సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకుపో. ఆ పనికి ఒక రోజు కూలి ఇచ్చినా నష్టం లేదు. రెండు సిలిండర్లకూ వచ్చే అంకె పెద్దదా చిన్నదా అన్నదానికంటే రెండూ దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. తేడా పదో వంతు లోపల ఉండాలి. ఒకదానికి 110 వచ్చి రెండోదానికి 80 వస్తే ఆ ఇంజనును ఇనుప సామాన్ల ధరకు లెక్కేసుకో. ఇంకొకటి, ఆయన ఆయిలు ఎంత కలుపుతాడో మాటల్లో అడుగు. ఇట్లాంటి టూ-స్ట్రోక్ ఇంజన్లు చాలావాటికి 50 వంతుల పెట్రోలుకు ఒక వంతు, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. "అందాజుగా పోస్తాం" అన్నాడంటే లోపల పిస్టన్ కూడా అందాజుగానే ఉంటుంది.

టేపు తీసుకుపో. ఇంజను షాఫ్ట్ 15 అంగుళాలదీ ఉంటుంది, 20 అంగుళాలదీ ఉంటుంది. ఫ్యాను పైన అడ్డంగా ఉండే రెక్క బోటు అడుగుతో సమానంగా, లేదంటే ఒక అంగుళం కిందికి రావాలి. పొట్టి పలకకు పొడుగు ఇంజను తగిలిస్తే మన నీళ్ళలో అది రాళ్ళకు తగులుతుంది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళ కింద ఊళ్ళకు ఊళ్ళే మునిగినాయి. నీళ్ళు తగ్గేకొద్దీ పాత గోడలు, చెట్ల మొద్దులు, గుడిరాళ్ళు ఒక్కొక్కటే పైకి వస్తాయి. ఫిబ్రవరిలో నాలుగడుగుల లోతున్న దారిలో ఏప్రిల్‌కు జానెడు నీళ్ళుంటాయి. ఫ్యాను దెబ్బతినకుండా ముందు తనే తెగిపోయే చిన్న పిన్ను కొన్ని ఇంజన్లలో ఉంటుంది. నువ్వు కొనేదాంట్లో ఉంటే అలాంటివి నాలుగు, దాన్ని మార్చే పట్టకారు, బోటులో ఎప్పుడూ ఉండాలి. అమ్మేవాడు దాని బదులు మేకు కొట్టి ఉంటే, అది తెగదు, గేరే తెగుతుంది. ఇంజనుకు మోకు కట్టి బోటుకు వేయడం నేను చెప్పకపోయినా నా కథ విన్నాక వేస్తావులే.

ఆ తర్వాత నీళ్ళలో దించు. ఆయన ఒక్కడే నడిపి చూపిస్తే లాభం లేదు. నువ్వు, మీ బావ, ఇంకో ఇద్దరు, రెండు ఇసుక మూటలు. గంట తిప్పు. వంపు తిరిగేటప్పుడు అంచు నీళ్ళకు ఎంత దగ్గరగా వస్తుందో చూడు. ఒడ్డుకు వచ్చాక అడుగున ఎన్ని చెంబుల నీళ్ళు చేరినాయో తోడి లెక్కపెట్టు.

కాగితాలు. సముద్రం బోటుకు మత్స్యశాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ప్రక్కన రాసి ఉంటుంది. ఆ నంబరు, పుస్తకంలోని పేరు, అమ్మే మనిషి ఆధార్‌లోని పేరు మూడూ కలవాలి. ఇంజను బిగింపు దగ్గర రేకు మీద ఉన్న నంబరు బిల్లుతో కలవాలి. రేకే లేకపోతే లేచి వచ్చెయ్. ఇంజను సబ్సిడీలో వచ్చిందైతే దాన్ని అమ్ముకునే హక్కు ఆయనకు ఉందో లేదో అక్కడి మత్స్యశాఖ ఆఫీసులో అడుగు. సముద్రం రిజిస్ట్రేషన్ ఇక్కడ చెల్లుతుందనుకోకు. నదులు, జలాశయాల్లో ఇంజనుతో నడిచే పడవలకు 1917 నాటి పాత చట్టం పోయి 2021లో ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. జలాశయంలో వల వేయాలంటే మన మత్స్యశాఖ లైసెన్సు వేరు. అవతల నల్లమల వైపు పులుల అభయారణ్యం, అటు ఒడ్డున ఇష్టమొచ్చినట్టు బోటు ఆపితే అటవీశాఖోళ్ళు ఊరుకోరు. చేపపిల్లల్ని కూడా ఊడ్చేసే సన్నకన్ను అలివి వలలు ఎవరైనా అంటగడితే తీసుకోకు, అవి నిషేధం.

శివరాత్రికి, తిరునాళ్ళకు "ఒక ట్రిప్పు అవతలకు దింపు అన్నా" అని జనం వస్తారు. ఎక్కించుకోవద్దు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మందికి పైగా పోయినారు. ఆ రేవు మనుషులు ఇప్పటికీ ఆ నెల వస్తే నీళ్ళ వైపు చూడరు. చేపల బోటు చేపలకే.

ఇంకొక్క మాట, ఆదివారమే పోవాలా? తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలు బోట్లు ఒడ్డునే ఉంటాయి, బోర్లా చూడడం సులువు, దుడ్ల అవసరం కూడా వాళ్ళకు అప్పుడే ఎక్కువ. మన దగ్గరా అప్పుడు నీళ్ళు తక్కువ, వరద వచ్చేలోపల పలక మార్చుకునే టైం దొరుకుతుంది. చిక్కల్లా ఏందంటే ఎండలో ఆరిన బోటులో బొబ్బలు అణిగిపోతాయి, కారడం కనపడదు. కాబట్టి పది బిందెల పరీక్ష అప్పుడు ఇంకా ముఖ్యం.

పోయే ముందు ఫోన్‌లో ఒక్కటే అడుగు, బోటు ఆఖరుసారి నీళ్ళలో ఎప్పుడు దిగింది అని. నిన్న అంటే ఆదివారం పో. ఏడాదైంది అంటే ఇంజను మెకానిక్ దొరికిన రోజే పో. అక్కడ పలక మూలలు రెండూ, బోల్టుల కింది భాగం, ఇంజను నంబరు రేకు దగ్గరగా ఫోటోలు తీసి, కాటా చీటీతో కలిపి నాకు పంపు. ముక్కు మీద బొమ్మ ఫోటో వద్దు.